13.8 వోల్టుల కోసం పాత ఎస్‌ఎంపీఎస్‌ను విప్పినప్పుడు

ఔత్సాహికులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ హ్యామ్ రేడియో ఒకటి నా దగ్గర ఉంది, దానికి కావలసిన సరఫరా 13.8 వోల్టులు. అటూ ఇటూ 15 శాతం వరకు ఓర్చుకుంటుందని దాని పుస్తకంలో ఉంది, అంటే 11.73 నుంచి 15.87 వోల్టుల దాకా అన్నమాట. 25 వాట్ల శక్తితో మాట్లాడేటప్పుడు అది సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది. మొదట్లో నేను కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్‌లోని 12 వోల్టుల పసుపు తీగను ఉన్నదున్నట్టుగా దానికి కలిపి చూశాను. వినడానికి ఏ ఇబ్బందీ రాలేదు గాని, మైకు మీట నొక్కగానే వోల్టేజి తీగల పొడవునా కొంత పోయి, రేడియో వెనుక సాకెట్ దగ్గర మీటరు 11.6 చూపించింది. అవతలి మిత్రుడు నా గొంతు తెగిపోతోందని చెప్పాడు. అప్పుడే ఆ 12ను 13.8గా మార్చాలని నిశ్చయించుకున్నాను.

ఆ పని చేసిన నెల రోజుల్లో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. వోల్టేజిని మార్చడానికి పట్టేది ఒక రెసిస్టరు, పది నిమిషాల సమయం. కాని ఆ పెట్టెలోని ప్రతి భాగమూ ఆ పాత వోల్టేజిని నమ్ముకుని అమర్చబడి ఉంటుంది కాబట్టి, ఆ నమ్మకాలన్నింటినీ ఒక్కొక్కటిగా సరిచూసుకోవడమే అసలైన పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

పెట్టెను హైదరాబాదు ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో కొన్నాను. పాత కంప్యూటర్ల సామాను గుట్టగా పోసిన చోట కూర్చుని, ఒక్కొక్క ఎస్‌ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకుని బరువు చూశాను. తేలికగా ఉన్నవాటిని పక్కన పెట్టాను, ఎందుకంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్, చోక్‌లు, హీట్‌సింకులు చిన్నవైతేనే పెట్టె తేలికవుతుంది. పైన అతికించిన చీటీ మీద ఎన్ని వాట్లు అచ్చు వేసినా బరువు మాత్రం అబద్ధం చెప్పదు. నాలుగింటిని ఎంచుకుని, మూత తీసి చూడవచ్చా అని అడిగితే, "మీరే విప్పి చూసుకోండి సార్, మళ్లీ స్క్రూలు బిగించి ఇవ్వండి" అన్నాడు అమ్మేవాడు. నేను వెతికింది ఒకే వస్తువు కోసం: రెండు వైపులా ఎనిమిదేసి కాళ్లున్న టీఎల్494 అనే చిప్, లేదా దానికి సరిసమానమైన కేఏ7500. మూడో పెట్టెలో అది దొరికింది.

ఆ చిప్ కోసమే పట్టుబట్టడానికి కారణం చెప్పాలి. టీఎల్494 చేసేది ఒక్క నియంత్రణ పనే. వోల్టేజి మితిమీరితే పెట్టెను ఆపే కాపలా పని బయట వేరే భాగాలతో, చాలాసార్లు ఎల్‌ఎం339 అనే, వోల్టేజీలను పోల్చి చూసే కంపారేటర్ చిప్ సాయంతో జరుగుతుంది. అందువల్ల ఆ కాపలా హద్దులను మనం కంటితో చూడగలం, మార్చగలం. ఎస్‌జీ6105 వంటి చిప్‌లలో నియంత్రణ, కాపలా రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి, 3.3, 5, 12 వోల్టుల హద్దులు చిప్ లోపలే స్థిరపడి ఉంటాయి కనుక వాటిని ఏమార్చడం కొత్తవారికి తగిన పని కాదు. ఇటీవలి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ముందు 12 వోల్టులు మాత్రమే తయారై, 5, 3.3 వోల్టులు దాని నుంచి వేరే చిన్న బోర్డుల మీద పుడతాయి. వాటి తీరే వేరు, ఈ పద్ధతి అక్కడ పనికిరాదు.

ఇక విప్పే ముందు ఒక హెచ్చరిక, దీన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదని నా మనవి. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ నేరుగా డయోడ్ల గుండా వెళ్లి రెండు పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టుల డీసీగా నిలుస్తుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది. నా పెట్టెలో ఒక్కొక్కటి 470 మైక్రో ఫారడ్లు, వాటిని ఖాళీ చేయడానికి ఒక్కొక్క దానికి అడ్డంగా 150 కిలో ఓంల రెసిస్టరు ఉన్నాయి. ఈ రెండింటినీ గుణిస్తే సుమారు 70 సెకన్లు వస్తుంది. పూర్తిగా ఖాళీ కావడానికి దానికి ఐదింతలు, అంటే ఆరు నిమిషాలు పట్టాలి. ఆ రెసిస్టరు ఎప్పుడో కాలిపోయి ఉంటే ఆరు నిమిషాలు కాదు, ఆరు గంటలైనా చాలవు. అందుకే నేను ప్రతిసారీ ఎదురుచూసి, మీటరుతో రెండు కెపాసిటర్లనూ కొలిచి, ఆ పైనే బోర్డు మీద చెయ్యి వేశాను. ఒకవేళ మిగిలి ఉంటే 4.7 కిలో ఓంల, 10 వాట్ల రెసిస్టరుకు రబ్బరు తొడుగు తీగలు అతికించి దాని ద్వారా దించాను. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి మెరుపు చూసే అలవాటు కొందరికి ఉంది, అది కెపాసిటరుకూ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. మార్పు చేశాక మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల పాత తరం బల్బును సీరీస్‌లో పెట్టాను. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు వెలిగి ఊరుకుంటుంది, ట్రాన్సిస్టర్లు పేలవు.

వోల్టేజి ఎక్కడ నిర్ణయమవుతుందో ఇప్పుడు చూద్దాం. టీఎల్494 తన 14వ కాలి మీద 5 వోల్టుల స్థిరమైన కొలమానాన్ని ఇస్తుంది. నా బోర్డులో దాన్ని రెండు సమానమైన రెసిస్టర్లు సగానికి విడదీసి 2.5 వోల్టులుగా 2వ కాలికి అందిస్తున్నాయి. 1వ కాలికి బయటి వోల్టేజి నమూనా వస్తుంది. చిప్ పని అంతా ఈ రెండు కాళ్లనూ సమానంగా ఉంచడమే: 1వ కాలు తగ్గితే ట్రాన్సిస్టర్లను ఎక్కువ సేపు తెరిచి ఉంచుతుంది, పెరిగితే తక్కువ సేపు. నా పెట్టెలో 1వ కాలి దగ్గర మూడు రెసిస్టర్లు కలిశాయి. ఎర్ర తీగ, అంటే 5 వోల్టుల నుంచి 5.1 కిలో ఓంలు, పసుపు తీగ, అంటే 12 వోల్టుల నుంచి 36 కిలో ఓంలు, నేలకు, అంటే నల్ల తీగకు 3.3 కిలో ఓంలు. లెక్క వేసి చూస్తే ఆ కాలికి చేరే కరెంటులో సుమారు 65 శాతం ఎర్ర తీగ నుంచి, మిగిలినది పసుపు తీగ నుంచి వస్తోంది. కంప్యూటర్‌కు 5 వోల్టులే ప్రాణమైన రోజుల్లో గీసిన నమూనా కనుక చిప్ చూపు ఎక్కువగా ఎర్ర తీగ మీదే ఉండేది. పసుపు తీగ మీద బరువు పడి, అంటే దాని నుంచి ఎక్కువ కరెంటు లాగితే, 12 కాస్తా 11.5కు జారినా అది అంతగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే.

నాకు ఎర్ర తీగతో పని లేదు కాబట్టి 5.1 కిలో ఓంల రెసిస్టరును పూర్తిగా తీసేశాను. 36 కిలో ఓంలది కూడా తీసి, దాని స్థానంలో కొత్త విలువ పెట్టాలి. 3.3ను అలాగే ఉంచితే 13.8 వోల్టులకు 13.8ను 2.5తో భాగించి, ఒకటి తీసేసి, 3.3తో గుణించాలి, 14.92 కిలో ఓంలు వస్తుంది. నేను 13 కిలో ఓంల మెటల్ ఫిల్మ్ రెసిస్టరును, దానికి సీరీస్‌లో 2 కిలో ఓంల ప్రీసెట్‌ను, అంటే తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టరును పెట్టాను. ఇలా చేస్తే ప్రీసెట్‌ను ఒక చివరకు తిప్పినప్పుడు 12.35, రెండో చివరకు తిప్పినప్పుడు 13.86 వోల్టులు రావాలి. చాలామంది 10 లేదా 20 కిలో ఓంల ప్రీసెట్ ఒక్కటే పెట్టేసి ఎంతవరకైనా తిప్పుకోవచ్చని సంతోషిస్తారు. పొరపాటున చెయ్యి తగిలి తిరిగితే రేడియో సంగతి ఏమిటన్నది నా ప్రశ్న.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది, దీని గురించి నాకు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే మిత్రుడు హెచ్చరించాడు. ప్రీసెట్ మధ్య కాలు దుమ్ము వల్లనో తేమ వల్లనో ఒక్క క్షణం తన పట్టా మీద అంటకుండా పోతే, 1వ కాలికి నమూనా అందడం ఆగిపోతుంది. అప్పుడు చిప్ వోల్టేజి పడిపోయిందని భ్రమించి, తన శక్తినంతా పెట్టి బయటికి తోస్తుంది. అందుకే మధ్య కాలిని ప్రీసెట్ చివరి కాళ్లలో ఒకదానితో కలిపి అతికించాలి. అలా కలిపితే మధ్య కాలు ఊడినా పూర్తి 2 కిలో ఓంలు సర్క్యూట్‌లో మిగులుతాయి, వోల్టేజి 13.86 దాటదు. ఒక అంగుళం తీగ ముక్కతో అంత భరోసా దొరుకుతున్నప్పుడు దాన్ని వదిలేయడం నాకు అర్థం కాని విషయం.

అంతా అతికించి, పెట్టె ఆన్ కావడానికి ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి, సీరీస్ బల్బు ద్వారా కరెంటు ఇచ్చాను. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించినా అంతే. బల్బు వెలగలేదు కనుక షార్ట్ లేదని తెలుస్తోంది, అయినా మనసు ఊరుకోక మూడు సాయంత్రాలు డయోడ్లను, ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా కొలుస్తూ గడిపాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి టీఎల్494 4వ కాలి మీద మీటరు పెట్టినప్పుడు విషయం బయటపడింది. ఆ కాలి మీద వోల్టేజి సున్నాకు దగ్గరగా ఉంటేనే చిప్ పని చేస్తుంది. సుమారు 3 వోల్టులు దాటితే ట్రాన్సిస్టర్లకు వెళ్లే సంకేతం పూర్తిగా ఆగిపోతుంది. నా మీటరు 4కు పైగా చూపించింది. అంటే పెట్టె చెడిపోలేదు, కాపలా దాన్ని ఆపేస్తోంది.

కారణం ఆలోచిస్తే తేటగానే ఉంది. 12, 5 వోల్టులు రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీది చుట్ల నుంచి, ఒకే కోర్ మీద చుట్టిన చోక్ గుండా వస్తాయి. ఒకటి పెరిగితే రెండోది అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 12ను 13.8 చేస్తే 5 కాస్తా 5.75 అవుతుంది. ఎర్ర తీగ నుంచి ఒక జీనర్ డయోడ్ (నిర్ణీత వోల్టేజి దాటితేనే కరెంటును వదిలేది) గుండా కాపలా ట్రాన్సిస్టరుకు వెళ్లే దారి ఉంది, అది ఈ 5.75ను ప్రమాదంగా భావించి తలుపు మూసేస్తోంది. ఆ జీనర్‌ను కత్తిరించేస్తే పెట్టె నడుస్తుంది, నిజమే. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కాని అప్పుడు ఈ పెట్టెను వోల్టేజి మితిమీరకుండా చూసే దిక్కే ఉండదు, దాని చివర ఉన్నది వేల రూపాయల రేడియో. నేను ఆ జీనర్‌ను తీసి, అదే కాపలా ట్రాన్సిస్టరుకు పసుపు తీగ నుంచి 15 వోల్టుల జీనర్‌ను ఒక రెసిస్టరుతో కలిపాను. జీనర్ 15, ట్రాన్సిస్టరు సంధి మీద మరో 0.6, వెరసి 15.6 దగ్గర పెట్టె తనంతట తాను ఆగిపోతుంది. రేడియో ఓర్చుకునే పై హద్దు 15.87 అని మొదట్లో చెప్పాను కదా, దానికి లోపలే ఉన్నాం.

3.3 వోల్టుల నారింజ తీగ మాత్రం ఈ గొడవలో పడలేదు. దానికి మాగ్నెటిక్ యాంప్లిఫయర్ పద్ధతిలో వేరే నియంత్రణ ఉంది, అది 3.3 వద్దే నిలిచింది. ఊదా తీగ మీది స్టాండ్‌బై 5 వోల్టులు కూడా వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పుడతాయి కనుక మారలేదు.

తర్వాతి సంగతి కెపాసిటర్లు. పసుపు తీగ మీద ఉన్నవి 16 వోల్టులవి. 13.8కి 16 ఎక్కువే కదా అనిపిస్తుంది గాని, పాత పెట్టెలో, వేడి హీట్‌సింకు పక్కన, ఏళ్ల తరబడి ఎండిన వాటిని హద్దుకు అంత దగ్గరగా నడపడం నాకు ఇష్టం లేకపోయింది. ఒకదాని తల అప్పటికే కొంచెం ఉబ్బి ఉంది. కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి 25 వోల్టులవి అడిగాను. దుకాణంలోని పెద్దాయన, "85 డిగ్రీలదా, 105 డిగ్రీలదా? ఎస్‌ఎంపీఎస్‌కైతే 85 తీసుకోకండి సార్, ఆరు నెలల్లో మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. వ్యాపారం పోయినా సరే అన్నట్టుగా ఆయన చెప్పిన ఆ మాట నాకు నచ్చింది. 25 వోల్టులవి లావుగా ఉండడం వల్ల 2200 మైక్రో ఫారడ్లది పాత రంధ్రాల మధ్య పట్టలేదు. 1000వి రెండు తీసుకుని పక్కపక్కన నిలబెట్టాను. మైనస్ 12 వోల్టుల నీలి తీగ మీది కెపాసిటరును కూడా మార్చాను, అదీ ఇప్పుడు మైనస్ 13.8 అయింది కదా.

పసుపు తీగ డయోడ్ల విషయంలో నాకు మొదట భయం ఉండేది, వోల్టేజి పెంచితే అవి తట్టుకోగలవా అని. ఆలోచిస్తే భయం అనవసరం. డయోడ్ మీద వెనుక నుంచి పడే వోల్టేజిని నిర్ణయించేది ముందున్న 325, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి. ఆ రెండూ మారలేదు. మారింది ట్రాన్సిస్టర్లు తెరిచి ఉండే సమయం ఒక్కటే.

ఫ్యానుకు 13.8 అందడం వల్ల హోరు పెరిగింది. అది 0.15 ఆంపియర్లది; 1.8 వోల్టులు తగ్గించడానికి 12 ఓంల అర వాటు రెసిస్టరు సరిపోయింది.

ఎర్ర తీగను ఖాళీగా వదిలితే మాత్రం బాగుండదు. దాని మీద ఏ బరువూ లేకపోతే అది 6 వోల్టులు దాటి పోతోంది, చోక్ నుంచి సన్నని కీచు శబ్దం వస్తోంది. 10 ఓంల, 10 వాట్ల సిమెంటు రెసిస్టరును ఎర్ర, నల్ల తీగల మధ్య పెట్టి, ఫ్యాను గాలి తగిలే చోట హీట్‌సింకుకు ఆనించి కట్టాను. దానిలో సుమారు 3.4 వాట్ల వేడి పుడుతుంది, వోల్టేజి 5.8 దగ్గర నిలిచింది, కీచు శబ్దం పోయింది.

బరువు పరీక్షకు కారు హెడ్‌లైట్ బల్బులు వాడాను. 12 వోల్టుల, 55 వాట్ల బల్బు ఈ వోల్టేజి దగ్గర 5 ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది. రెండు కలిపితే 10. ప్రీసెట్‌ను చివరిదాకా తిప్పినా నాకు 13.86 రాలేదు, 13.78 వచ్చింది. 14వ కాలిని కొలిస్తే 5కు బదులు 4.97 ఉంది, లెక్క అక్కడ సరిపోయింది. రెండు బల్బులూ వెలిగినప్పుడు 13.71కి దిగింది. గంటసేపు అలాగే ఉంచి హీట్‌సింకులను గమనించాను, ప్లగ్గు పీకి ఖాళీ అయ్యాకే చేత్తో తాకాను సుమా. మిత్రుడి కళాశాలలో ఓసిల్లోస్కోపు మీద చూస్తే డీసీ మీద మిగిలిన అల 90 మిల్లీవోల్టులు ఉంది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల కోసం ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం 12 వోల్టుల తీగకు 120 వరకు అనుమతిస్తుంది. బయటికి వచ్చే దారిలో నాలుగు పసుపు తీగలను ఒకటిగా, నాలుగు నల్ల తీగలను ఒకటిగా కలిపి, పసుపు వైపున కార్లలో వాడే 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

ఒక రోజు రేడియో ఒంటికి ముంజేయి ఆనితే చిన్నగా జిల్లుమంది. మా అద్దె ఇల్లు మల్కాజిగిరిలో పాత కట్టడం. ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది గాని దాని వెనుక ఎర్త్ నామమాత్రం. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టె ఇనుప ఒంటికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఒళ్లంతా 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కనుక జిల్లుమని ఊరుకుంటుంది, కాని లోపల ఏదైనా తెగితే అదే ఒంటికి 230 పూర్తిగా వస్తుంది. ఇంటి యజమాని బాబాయిగారితో మాట్లాడితే, వేసవిలో ఎర్త్ గుంతలో ఉప్పు నీళ్లు పోసి చాలా ఏళ్లయిందని ఒప్పుకున్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి గుంత తవ్వించి, తెగిన తీగను మళ్లీ బిగించాం. ఈ పని నేను రేడియో కన్నా ముందే చేసి ఉండవలసింది.

144 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఈ పెట్టె నుంచి నాకు ఏ అలజడీ వినిపించలేదు. 7 మెగాహెర్ట్జ్ వైపు వేరే రిసీవరు పెట్టి వింటే మాత్రం ప్రతి 60 కిలోహెర్ట్జ్‌కు ఒకసారి గరగర వినిపించింది. నా బోర్డులో చిప్ కొట్టుకునే వేగం కూడా సుమారు అంతే. మూలం ఏమిటా అని చూస్తే, ముఖద్వారంలో ఫిల్టరు చోక్ ఉండవలసిన చోట తయారీదారు వట్టి తీగ ముక్కలు అతికించాడు. డబ్బు మిగుల్చుకునే ఈ పద్ధతి చవక పెట్టెల్లో చాలా చూశాను, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. చచ్చిపోయిన మరో ఎస్‌ఎంపీఎస్ నుంచి చోక్ తీసి అక్కడ వేశాను. డీసీ తీగలను ఫెర్రైట్ వలయంలో ఐదు చుట్లు తిప్పాను. బయటి టెర్మినళ్ల దగ్గర 0.1 మైక్రో ఫారడ్ల డిస్క్ కెపాసిటర్లు పెట్టాను. గరగర పూర్తిగా పోలేదు, కాని బలహీనమైన స్టేషన్లు కూడా ఇప్పుడు దాని కింద మునిగిపోవడం లేదు.

చివరగా ఒక మాట: మదర్‌బోర్డుకు తగిలించే 24 రంధ్రాల కనెక్టరును, హార్డ్ డిస్క్ కనెక్టర్లను మొదట్లోనే కత్తిరించి, కొసలకు వేడికి ముడుచుకునే గొట్టాలు తొడిగాను. బయటి నుంచి చూస్తే ఇది ఇప్పటికీ మామూలు ఎస్‌ఎంపీఎస్‌లాగానే ఉంది. నేను ఇంట్లో లేనప్పుడు తమ్ముడో మరొకరో కంప్యూటర్ మొరాయించిందని దీన్ని తీసుకుపోయి బిగిస్తే, ఎర్ర తీగ మీది 5.8 వోల్టులు మదర్‌బోర్డును, డిస్కును ఏం చేస్తాయో చెప్పనక్కరలేదు. మూత మీద పెద్ద అక్షరాలతో చీటీ కూడా అతికించాను: "ఇది కంప్యూటర్‌కు కాదు. 13.8 వోల్టులు, 10 ఆంపియర్లు, రేడియోకు మాత్రమే."